ఆ ఫోన్ ఎవరి ఖాతాలో రాయాలి?

జూన్ మొదటి వారంలో తిరుపతిలోని మా ఏసీ సర్వీసు షాపుకు ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. మా ఆన్‌లైన్ ప్రకటనలు చూసేది అతనే. ఎంబీఏ చదివాడు, మర్యాదస్తుడు, చెప్పిన టైముకు వస్తాడు. వేసవి మూడు నెలల రిపోర్టు తెచ్చాడు. 12 పేజీలు, రంగురంగుల గ్రాఫులు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రీచ్ 1,40,000 అని ఉంది.

ఆ అంకె వైపు కాసేపు చూస్తూ ఉండిపోయాను. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరంలో ఉన్నదే మూడు లక్షల లోపు మంది. ఇప్పుడు ఎంత పెరిగారనుకున్నా, ఊళ్ళో ప్రతి ముగ్గురు నలుగురిలో ఒకరు మా ఏసీ సర్వీసు ప్రకటన చూశారన్నమాట. మా వీధి చివర టీ కొట్టాయనకే మేం ఏసీలు చేస్తామని తెలీదు. ఎనిమిదేళ్ళుగా రోజూ రెండు పూటలా ఆయన దగ్గర టీ తాగుతున్నాను, మాది ఫ్రిజ్‌ల షాపు అనుకుంటాడు.

"లీడ్స్ 96 వచ్చాయి సార్. ఒక్కోదానికి 375 రూపాయలు పడింది. మన ఊరికి ఇది చాలా మంచి రేటు" అన్నాడు అబ్బాయి. లీడ్ అంటే, ప్రకటన మీద నొక్కి మా దాకా వచ్చిన ఒక్కో నంబరు.

"వీళ్ళలో పని చేయించుకుని డబ్బులిచ్చింది ఎంతమంది?"

"అది మీ సైడ్ సార్."

ఆ మాట గుచ్చుకుంది. అతను ఎగతాళిగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. ఫోన్ మోగేదాకా అతని పని, మోగాక మా పని. మూడు నెలల్లో 36,000 ఖర్చు పెట్టి, మోగాక ఏమైందో నేను ఒక్కసారి కూడా లెక్క చూసుకోలేదు.

ఆ రాత్రి షట్టరు దించేశాక నేనూ మా ఆవిడా కూర్చుని ఆ 96 నంబర్లనూ జాబ్ బుక్‌తో పోల్చి చూశాం. జాబ్ బుక్ అంటే సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు, 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. తేదీ, పేరు, ఏరియా, నంబరు, ఏం పని, ఏ కుర్రాడు వెళ్ళాడు, బిల్లెంత. ఫోన్ ఎత్తేదీ ఆవిడే, రాసేదీ ఆవిడే. పదిన్నరకు లెక్క తేలింది. 21 మంది ఫోన్ ఎత్తనైనా లేదు, లేకపోతే "నేనేం నొక్కలేదండీ" అన్నారు. 14 మంది ఐటీఐ చేసిన పిల్లలు, వాళ్ళకు కావాల్సింది మా దగ్గర ఉద్యోగం. 17 మంది ఈ ఊరివాళ్ళే కాదు. తొమ్మిది మంది ఇప్పటికే మా కస్టమర్లు. నిజంగా కొత్తగా అడిగినవాళ్ళు 35 మంది మిగిలారు. వాళ్ళలో పని చేయించుకున్నది 19 మంది, అందరి బిల్లులూ కలిపితే 24,700.

36,000 పెట్టి 24,700 తెచ్చుకున్నాం. అందులో గ్యాసు, కెపాసిటర్లు, పెట్రోలు, జీతాలు పోనూ ఎంత మిగిలిందో ఇక్కడ రాయను, ఇది మా కుర్రాళ్ళు కూడా చదువుతారు. ఒక్కో లీడ్ 375 అన్న అంకె తప్పు కాదు. ఒక్కో పనికి దాదాపు 1,900 పడిందన్నదీ తప్పు కాదు. ఒకే డబ్బు, రెండు చోట్ల నిలబడి చూశాం, అంతే. అమ్మినవాడు తను అమ్మినదాన్నే కొలుస్తాడు, అందులో వింత లేదు. కొన్నవాడు కూడా అదే కొలతను పట్టుకుని కూర్చోవడమే వింత. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే.

గది నంబర్ 304

ఊరివాళ్ళు కాని ఆ 17 మందిలో ఒకాయన మా ఇద్దరికీ బాగా గుర్తు. ఏప్రిల్ నెలాఖరు, మధ్యాహ్నం రెండు గంటలు. "ఏసీ కూలింగ్ రావడం లేదండీ, వెంటనే మనిషిని పంపండి" అన్నాడు. గుంటూరు వైపు యాస. ఏ ఏరియా అంటే "బస్టాండు దగ్గరే, మూడో అంతస్తు, 304" అన్నాడు. మా ఆవిడ అపార్టుమెంటు పేరు అడిగితే లాడ్జి పేరు చెప్పాడు. పిల్లాజెల్లాతో దర్శనానికి వచ్చారట. రాత్రంతా క్యూలో ఉండి, కొండ దిగి వచ్చి కాస్త నడుం వాలుద్దామంటే గదిలో ఏసీ వేడిగాలి కొడుతోంది. కింద రిసెప్షన్‌లో అడిగితే "వస్తారు సార్" అంటున్నారు. మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటుంటే మా ప్రకటన కనబడింది.

"లాడ్జి ఏసీ వాళ్ళు చెప్పకుండా మేం ముట్టుకోకూడదండీ" అంది మా ఆవిడ.

"మరి ప్రకటన ఎందుకేశారమ్మా?" అని కోప్పడి పెట్టేశాడు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. తిరుపతి చుట్టూ ఇన్ని కిలోమీటర్లలో ఉన్నవాళ్ళకు చూపించమంటే, ఇక్కడ కాపురం ఉన్నవాళ్ళతో పాటు ఆ రోజు ఇక్కడ ఉన్నవాళ్ళు కూడా అందులో పడతారు. మామూలు రోజుల్లోనే అరవై డెబ్బై వేల మంది దర్శనం చేసుకునే కొండ పైనుంది. నంద్యాలలోనో అనంతపురంలోనో ఏసీ షాపు పెట్టినవాడికి ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. మాకు మాత్రం రీచ్‌లో కొంత భాగం అక్షరాలా గోవిందా. రిపోర్టులో మాత్రం ఆయన కూడా ఒక లీడే, 375 రూపాయల లీడు.

ఈ సంగతి చెబితే అబ్బాయి ఆ సెట్టింగులు కొంత మార్చాడు. అతనికి ముందే ఎందుకు తెలియలేదు అనడానికి లేదు. 304 కథ తెలిసింది మా ఆవిడకు, ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

చెరిగిపోయిన నాలుగు అంకెలు

ఇక ఆ తొమ్మిది మంది పాత కస్టమర్లు. బైరాగిపట్టెడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు, ఐదేళ్ళుగా మా చేతే చేయించుకుంటారు. మే నెలలో ఆవిడ ఫోన్ ఆన్‌లైన్ లీడుగా నమోదైంది. ఈవిడ ప్రకటన చూసి రావడమేమిటని, ఆ వైపు పనుంటే నేనే వెళ్ళి అడిగాను. ఏమీ మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్ళి ఏసీ పక్కన అంటించిన మా స్టిక్కర్ చూపించారు.

ప్రతి సర్వీసు తర్వాత మా కుర్రాడు ఇండోర్ యూనిట్ పక్కన అగ్గిపెట్టె రెండింతలుండే స్టిక్కర్ ఒకటి అంటిస్తాడు. షాపు పేరు, నంబరు, చేసిన తేదీ, మళ్ళీ ఎప్పుడు చేయించాలో. ఆవిడ స్టిక్కర్ మీద పేరు బాగానే ఉంది. పనమ్మాయి నెలల తరబడి తడిగుడ్డతో తుడిచి తుడిచి నంబరులో చివరి నాలుగు అంకెలు మాయం చేసింది. "మీ పేరు కొట్టి వెతికినాను నాయనా. పైనే వచ్చింది, దాని మీదే నొక్కినాను" అన్నారు.

పైన వచ్చింది ప్రకటన. దాని కిందే, వేలెడు దూరంలో, డబ్బు కట్టక్కర్లేని మా మామూలు లిస్టింగు ఉంది. ప్రకటన లేకపోతే ఆవిడ దాని మీద నొక్కేవారు. మన సొంత చుట్టాన్ని మనింటికి తీసుకొచ్చినందుకు ఆటో అతనికి కమీషన్ ఇచ్చినట్టయింది నా పని.

ఇది నాకొక్కడికే జరిగింది కాదు. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే వాళ్ళు ఇదే అనుమానంతో, తమ పేరు కొట్టి వెతికేవాళ్ళకు చూపించే ప్రకటనల్ని కొన్ని సెర్చ్ ఇంజిన్లలో ఆపేసి చూశారు. ఆ క్లిక్కులు దాదాపు అన్నీ కిందున్న ఉచిత ఫలితాల మీదుగా వచ్చేశాయి. ఆ ప్రయోగం చేసిన ఆర్థికవేత్తలు 2015లో ఎకనోమెట్రికా పత్రికలో దాన్ని వివరంగా రాశారు. నాలాంటివాడు ఇక్కడే ఆగిపోయి "చూశారా, ప్రకటనలన్నీ దండగ" అనేస్తాడు. కానీ అదే వ్యాసంలో, పేరు తెలియని కొత్తవాళ్ళ మీదా, ఎప్పుడో ఒకసారి కొనేవాళ్ళ మీదా ప్రకటన పనిచేసిందని కూడా ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ప్రకటన వల్ల ఎన్ని ఫోన్లు వచ్చాయి" అని కాదు, "ఆ ప్రకటన లేకపోయినా ఈ ఫోన్ వచ్చేదా" అని. అలా అడిగితే టీచరమ్మ ఫోన్ రాయాల్సింది స్టిక్కర్ ఖాతాలో. స్టిక్కర్‌కు మా పుస్తకంలో అసలు ఖాతాయే లేదు.

మా నంబరు ఎక్కడ దొరికిందండీ?

ఇంతకంటే తేలిక దారి ఉంది కదా, వచ్చినవాళ్ళనే అడిగేస్తే పోలా అని మీకు అనిపించవచ్చు. మేమూ అడిగాం. జాబ్ బుక్‌లో ఒక గడి ఎక్కువ గీసి, ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ మా ఆవిడ అడిగేది. నెల తర్వాత ఆ గడి చూస్తే సగం చోట్ల "నెట్", తక్కిన సగం చోట్ల "ఎవరో చెప్పారు". ఏప్రిల్‌లో ఏసీ ఆగిపోయి చెమటలు కక్కుతున్న మనిషిని మా నంబరు ఎక్కడ దొరికింది అనడిగితే ఇంకేం చెబుతాడు? "ముందు మనిషిని పంపిస్తావా లేదా తల్లీ" అన్నాడు కొర్లగుంటాయన ఒకాయన. ఆ గడిలో ఆవిడ ఉన్నదున్నట్టు ఆ వాక్యమే రాసింది.

తర్వాత తెలిసిందేమిటంటే, అడిగే చోటు మారితే జవాబు మారుతుంది. పని అయిపోయి, చల్లగాలి మొదలై, కుర్రాడికి మంచినీళ్ళో కాఫీయో ఇచ్చేటప్పుడు మనుషులు నింపాదిగా ఉంటారు. అప్పుడు అడిగితే "నెట్" అని ఒక్క ముక్కతో సరిపెట్టరు, కథ మొత్తం చెబుతారు. పద్మావతీపురంలో ఒకావిడ ఫోన్లో "ఆన్‌లైన్లో చూశాం" అన్నారు. కాఫీ దగ్గర చెప్పింది వేరు. "పక్కింటోళ్ళ ఏసీ మీ పిల్లోడు చేస్తా ఉంటే మా బాల్కనీలోంచి చూసినాను. మంచం మీదా, కిందా పాత దుప్పటి పరిచి, పని అయినాక ఆ దుప్పటి మడిచి బయట దులిపి, చెప్పులు బయటే వేసుకున్నాడు. ఇంతకు ముందు మాకొచ్చేవాడు జెట్ కొట్టి గోడంతా నల్లనీళ్ళు చేసి పోయేవాడు." పేరు పక్కింటావిడని అడిగారట, నంబరు మాత్రం నెట్‌లో తీసుకున్నారు.

ఆ పాత దుప్పటి మా ఇంట్లోదే. అది మార్కెటింగ్ అని నాకు తోచలేదు, మా ఆవిడకూ తోచలేదు. గోడ పాడైందని ఎవరైనా గొడవ పెడతారనే భయంతో రెండేళ్ళ కింద మొదలుపెట్టిన అలవాటది.

పదకొండు, ఏడు

ఈ ఏడాది ఫిబ్రవరిలో నేనొక ప్రయోగం చేశాను. ఎం.ఆర్.పల్లి వైపు పేపర్లలో పెట్టించి 3,000 కరపత్రాలు పంచాను, ఇంచుమించు అలాంటి ఇళ్ళే ఉన్న ఇంకో పేటలో ఒక్కటీ పంచలేదు. మూడు వారాల్లో కరపత్రాలు పంచిన చోట నుంచి 11 కొత్త పనులు, పంచని చోట నుంచి 7. పంచితే సగానికి పైగా పెరిగాయి కదా! పెళ్ళిలో కలిసిన మా తోడల్లుడికి గర్వంగా చెప్పాను. ఆయన ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివి, కాలేజీలో పాఠాలు చెబుతారు. విని, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టారు. "18 సార్లు ఎగరేయండి."

ఎగరేశాను. బొమ్మ 12, బొరుసు 6. పక్కనున్న పిల్లలు మళ్ళీ మళ్ళీ అన్నారు. రెండోసారి 8, 10. "బిళ్ళకు మీరు కరపత్రం ఏమన్నా పంచారా?" అని నవ్వారాయన. ఏ తేడా లేని బిళ్ళను 18 సార్లు ఎగరేస్తే 11-7 అంత తేడా, లేదా అంతకన్నా ఎక్కువ తేడా, దాదాపు రెండింట ఒకసారి వస్తుందట. ఆయన చెప్పిన మోటు లెక్క ఒకటి అప్పట్నుంచి నాకు బాగా పనికొస్తోంది. వారానికి సగటున 16 ఫోన్లు వచ్చే షాపుకు, 16కు వర్గమూలం 4 కాబట్టి, నాలుగు అటూ ఇటూ కావడానికి ఏ కారణమూ అక్కర్లేదు. ఒక వారం 12, ఇంకో వారం 20 వచ్చినా అందులో ఎవరి గొప్పా లేదు, ఎవరి తప్పూ లేదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. కొలత గురించి చెప్పే మాటలన్నీ రోజుకు వేల క్లిక్కులు వచ్చే కంపెనీలను చూసి పుట్టినవి. రెండు రకాల ప్రకటనలు వేసి ఏది మెరుగో వారంలో తేల్చమంటారు. ఆరుగురు కుర్రాళ్ళున్న నా షాపులో అది తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఎండాకాలం రెండుసార్లు మారుతుంది.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది, మా బావమరిది సంగతి కూడా చెప్పాలి. వాడికి ట్రావెల్స్ ఉంది. నాలుగు కార్లు కాళహస్తికి, కాణిపాకానికి, వేలూరు గోల్డెన్ టెంపుల్‌కు తిరుగుతుంటాయి. ఒకసారి 25వ తేదీన ప్రకటన మొదలుపెట్టాడు, ఆ రోజంతా ఫోన్ ఆగలేదు. "బావా, దెబ్బకు పనిచేసింది" అని నాకు ఫోన్. వారం తిరిగేసరికి అదే ప్రకటనకు అలికిడి లేదు. ఏం జరిగిందంటే, దేవస్థానం మూడు నెలల ముందుగా ఇచ్చే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా సరిగ్గా అప్పుడే విడుదలైంది. టికెట్ దొరికినవాడు ఆ ఊపులోనే రైలు, గది, కారు అన్నీ చూసుకుంటాడు. ఇప్పుడు వాడు కోటా విడుదల తేదీల్ని గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకున్నాడు. నా క్యాలెండర్ మీద అట్లాంటి తేదీ లేదు గానీ, మొదటి ఎండ ముదిరిన వారం ఉంది. ఆ వారం ఎవరు ఏ ప్రకటన వేసినా పనిచేస్తుంది. వేయకపోయినా పనిచేస్తుంది.

మరి ఏప్రిల్‌లో ప్రకటన ఆపి చూడొచ్చు కదా అని తోడల్లుడు అడిగారు. నాకు ధైర్యం చాలలేదు. మా ఏడాది రాబడిలో సగం ఆ మూడు నెలల్లోనే వస్తుంది. ఆగస్టులో ఆపాను, పెద్ద తేడా ఏమీ కనబడలేదు. కానీ వర్షాలప్పుడు ఏమీ కాలేదని, ఎండల్లో ఏమీ కాదని చెప్పలేను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వచ్చే ఏప్రిల్‌లో ఒక్క వారం ఆపుతానని మా ఆవిడతో అన్నాను. "చూద్దాంలే" అంది.

ఐదు స్టార్ల కథ

ఇది నా తప్పు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. గూగుల్‌లో మా రేటింగ్ 4.3 దగ్గర ఆగిపోయిందని, ఐదు స్టార్ల రివ్యూ తెచ్చిన కుర్రాడికి 50 రూపాయలు ఇస్తానన్నాను. రెండు నెలల్లో 4.8 అయింది. నేను పొంగిపోయాను. అన్ని రివ్యూల్లోనూ ఒకే మాట, "గుడ్ సర్వీస్". ఒకాయనైతే "ఏమప్పా, మీవోడు వచ్చి పోయినాడు, ఏసీ మళ్ళా కారతానే ఉంది" అని ఫోన్ చేశాడు. చూస్తే మూడు రోజుల ముందే మాకు ఐదు స్టార్లు ఇచ్చి ఉన్నాడు. ఇదేంటి సార్ అంటే, "మీ పిల్లోడే నా ఫోన్ తీసుకుని నొక్కినాడు, పాపం అడిగినాడు కదా అని ఇచ్చినాను" అన్నాడు.

1975లో బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ డబ్బు సరఫరా గురించి రాస్తూ దాదాపు ఈ సంగతే చెప్పాడు. తర్వాత మెరిలిన్ స్ట్రాథర్న్ అనే మానవశాస్త్రవేత్త దాన్ని తేలిక మాటల్లో పెట్టింది, కొలత లక్ష్యంగా మారితే ఇక అది మంచి కొలత కాదు అని. ఒక దేశపు ద్రవ్య విధానానికీ నా 50 రూపాయల నోటుకూ ఒకే జబ్బు. బహుమతి ఆపేశాను, కుర్రాళ్ళు ఒక వారం ముఖాలు ముడుచుకున్నారు.

రెండో ఫోన్

మరి ఏం కొలవాలి? ఇన్ని చుట్లు తిరిగి నేను నమ్ముకున్నది ఒక్కటే, రెండో ఫోన్. ఒకసారి పని చేయించుకున్న ఇంటి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చిందా లేదా. మొదటి ఫోన్‌లో ప్రకటన ఉంటుంది, ఎండ ఉంటుంది, పక్కింటావిడ ఉంటుంది, అదృష్టం ఉంటుంది. రెండో ఫోన్‌లో మా కుర్రాడు వాళ్ళింట్లో గడిపిన ఆ గంట ఉంటుంది.

పాత జాబ్ బుక్కులు తిరగేశాం. రెండేళ్ళ కింద తెలిసినవాళ్ళు చెబితే కొత్తగా వచ్చిన ఇళ్ళు 140, వాటిలో 88 ఇళ్ళ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ప్రకటనల ద్వారా వచ్చినవి 62, మళ్ళీ పిలిచింది 13. ఇది 11-7 లాంటి తేడా కాదని తోడల్లుడు కూడా ఒప్పుకున్నారు. వెంటనే ఇంకో పుల్ల వేశారు. "ప్రకటన చూసి వచ్చేవాళ్ళు మొదట్నుంచే వేరే రకం మనుషులేమో? ఎవడు వంద తక్కువంటే వాడి దగ్గరికి పోయే రకం?" కావచ్చు. నా ప్రకటనలో మొదటి సర్వీసుకు 150 తగ్గింపు అని నేనే రాయించాను. తగ్గింపు కోసం వచ్చినవాడు ఇంకో తగ్గింపు కోసం పోతాడు. అప్పుడది ప్రకటన తప్పా, నా 150 రూపాయల తప్పా? విడదీసి చెప్పలేను. ఈసారి తగ్గింపు తీసేసి, ప్రకటనలో దుప్పటి పరిచిన ఫోటో పెట్టమన్నాను. ఫలితం తెలియడానికి ఏడాది పడుతుంది.

ఏడాది! ఈ కొలతలో పెద్ద లోపం ఇదే. నిన్న షాపు తెరిచి, బ్యాంకు కిస్తీ కట్టాల్సినవాడికి రెండో ఫోన్ కోసం ఎదురుచూడమని చెప్పడం అన్యాయం. వాడికి ముందు మొదటి ఫోన్ రావాలి. ఎనిమిదేళ్ళ పుస్తకాలు అరలో ఉన్నాయి కాబట్టి నేనిట్లా మాట్లాడగలుగుతున్నాను. ఇంకోటి, ఇక్కడ అద్దె ఇళ్ళు ఎక్కువ. యూనివర్సిటీల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ ఉండేవాళ్ళు రెండేళ్ళకు ఇల్లు మారతారు, ఊరే మారతారు. వాళ్ళు మళ్ళీ పిలవకపోతే మా మీద కోపమని కాదు.

పోతే, రెండో ఫోన్లన్నీ సంతోషించాల్సినవీ కావు. మొదట్లో నేను అన్నీ కలిపి కూడేశాను. మా ఆవిడే పట్టుకుంది. "వీటిలో కొన్ని తిట్లండీ" అంది. గ్యాస్ నింపిన వారానికే కూలింగ్ పోయిందని, ఫిల్టర్ మార్చిన మూడో రోజే ఆర్వో కారుతోందని చేసినవి. ఇప్పుడు 30 రోజుల్లోపు వచ్చిన ఫోన్ ఎర్ర ఇంకుతో రాస్తుంది, ఆ తర్వాత వచ్చింది నీలం ఇంకుతో. ఏ కుర్రాడి పేరు పక్కన ఎరుపు ఎక్కువ పడుతోందో ఆ పేజీ చూస్తే ఇట్టే తెలుస్తుంది. ఆ పేజీ నేను కుర్రాళ్ళకు చూపించను. గుడ్‌హార్ట్ నేర్పిన పాఠానికి నేను 50 రూపాయల చొప్పున ఫీజు కట్టి ఉన్నాను.

మా బావమరిది ఈ లెక్క తనకు పనికిరాదన్నాడు. "మీ కస్టమరు ఊళ్ళోనే ఉంటాడు బావా. మావాడు మొక్కు తీరితే పోతాడు." కిందటి నెల ఒక ముసలాయన కారెక్కుతూ ఫోన్ వాడి చేతికిచ్చి "దీంట్లో మీ నంబరు ఉందో లేదో చూడు నాయనా" అన్నాడట. "తిరుపతి కారబ్బాయి" అని ఉంది. నాలుగేళ్ళుగా ఉంది. వాడి ట్రావెల్స్ పేరు ఆ పెద్దాయనకు తెలియనే తెలియదు. ఆ రోజు నుంచి వాడూ పాత బుకింగులు తిరగేస్తున్నాడు.

ఇక కొలవకూడదని నేను గట్టిగా అనుకునేవి కొన్ని ఉన్నాయి. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మా వీధివాళ్ళతో కలిసి మజ్జిగ పోయిస్తాం. మా ప్రకటనల అబ్బాయి అక్కడ మా షాపు పేరుతో ఫ్లెక్సీ కట్టి, దాని మీద వేరే నంబరు వేస్తే ఎన్ని ఫోన్లు వస్తాయో తెలుస్తుందన్నాడు. వద్దన్నాను. అమ్మవారి దగ్గర పోసే మజ్జిగకు లీడ్లు లెక్కపెట్టే పరిస్థితి ఇంకా రాలేదు.

ఈమధ్య అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనొక కాగితం ఇచ్చాను. అతని లీడ్ల నంబర్ల పక్కన ఏది పని అయింది, ఏది పాత కస్టమరు, ఏది ఉద్యోగం కోసం అని మా ఆవిడ చేతిరాత. అతను దాన్ని రెండుసార్లు చదివి, ఫోటో తీసుకున్నాడు. "ఇది ఇంతవరకు ఒక్క క్లయింటు కూడా ఇవ్వలేదు సార్. మేం అడిగితే టైం లేదంటారు" అన్నాడు. ఇక ప్రతి శనివారం ఇవ్వాలని ఒప్పందం. మొదటి శనివారం ఇచ్చాం. రెండోది మర్చిపోయాం.

స్టిక్కర్లు మాత్రం కొత్తవి వేయించాను. ప్రెస్సులో ఆయనకు టీచరమ్మ స్టిక్కర్ పీకి తెచ్చి చూపించాను. గోటితో గీకి చూసి, పైన లామినేషన్ పొర వేస్తే తడిగుడ్డకు పోదన్నాడు, ఒక్కోటి మూడున్నర పడుతుందట. నంబరు పేరు కంటే పెద్దగా ఉండాలన్నాను. 2,000 చెప్పి, అడ్వాన్సు ఇచ్చి, రసీదు తెచ్చి మా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ ఖర్చుల పుస్తకం తెరిచి అడిగింది. "దీన్ని దేంట్లో రాయమంటారు? ప్రకటనల్లోనా?"

కాసేపు ఆలోచించి, స్పేర్ పార్ట్స్‌లో రాయమన్నాను.